గుడ్డ నేయని బండి

మా ఆయన సాంచెల జాబర్. మరమగ్గాన్ని మావాళ్లు సాంచా అంటారు. అది మొరాయిస్తే బాగుచేసేవాడు జాబర్. ఇప్పుడు భివండి నిజాంపురాలో మాకంటూ ఒక చిన్న కార్ఖానా ఉంది కాబట్టి పేరుకు మేమూ సేట్లమే. అయినా ఆయన చేతిలో పానా పోలేదు, జాబర్ బుద్ధీ పోలేదు. ఆ బుద్ధి ఏమిటంటే, మనిషి మాట నమ్మకూడదు. నేసేవాడు వచ్చి సాంచా ఎడమ దిక్కు తేడాగా కొడుతోందని చెబితే ఆయన ఆ మనిషి ముఖం కూడా చూడడు. నేరుగా గుడ్డ దగ్గరికి పోతాడు. దాన్ని కిటికీ వెలుతురులోకి ఎత్తి, బొటనవేలితో తడిమి, ఎక్కడ పేక పలచబడిందో, ఎక్కడ పోగు తప్పిందో చూస్తాడు. అప్పుడు పానా తీస్తాడు. ఎట్ల తెలిసిందని ఎవరైనా అడిగితే ఆయన జవాబు ఒకటే.

"గుడ్డ చెప్పింది."

ఆ మాట తర్వాత ఇక మాట ఉండదు.

ఇందులో న్యాయం లేకపోలేదు. నేసేవాడు అలసిపోయి ఉంటాడు, పక్కవాడి మీద కోపంతో ఉంటాడు, తన తప్పును సాంచా మీదికి తోస్తాడు. గుడ్డకు ఆ అవసరం లేదు. కార్ఖానాలో ఈ పద్ధతిని నేనూ ఏమీ అనను. చిక్కల్లా ఆయన దాన్ని ఇంటికి కూడా తెచ్చాడు. తల నొస్తోందంటే థర్మామీటర్ ఎక్కడుందని వెతుకుతాడు. కూర ఎలా ఉందని నేనడిగితే, గిన్నె ఖాళీ అయింది కదా అంటాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో నన్ను ఒక్క మాట తూలనాడలేదు, ఇంట్లోకి లోటు రానియ్యలేదు. అడగలేదు, అంతే. నీకెట్ల అనిపిస్తున్నది అన్న మాట ఆయన నోట నేను వినలేదు. అది లోటు కిందికి వస్తుందని ఆయనకు తెలియదు. చాలాకాలం నాకూ తెలియదు.

ఇలాంటి మనిషి చేతికి ఒక రేసు కారు వచ్చింది.

మనుషులు కూర్చునే కారు కాదు. మూరెడు పొడవుంటుంది, రిమోటుతో నడుస్తుంది. బొమ్మ అన్నామంటే మా ఆయనకు కోపం. నిజమే, బొమ్మకు ఇన్ని స్ప్రింగులు, ఇన్ని మరలు, ఇంత రోషం ఉండవు. రోడ్డు మీద పరుగెత్తే పెద్ద రేసు కార్లకు ఏమేం ఉంటాయో దీనికీ అవన్నీ ఉంటాయి, చిన్నగా. పైన పెంకు తీసేస్తే లోపలంతా మా ఆయన సొంత దేశం.

మా గల్లీ మొదట్లో ఒక ఫోన్ రిపేరు దుకాణం ఉంది. నడిపేది మా కరీంనగర్ దిక్కు నుంచి వచ్చిన క్రైస్తవుల కుటుంబంలో పెద్ద కొడుకు. నన్ను అక్కా అని, మా ఆయనను అన్నా అని పిలుస్తాడు కాబట్టి మాకతను దుకాణం తమ్ముడు. ఒకరోజు వంగిపోయిన సన్న ఇరుసు ఒకటి పట్టుకొచ్చి సాపు చేసిమ్మన్నాడు. ఇంత చిన్న ఇరుసు ఏ మిషనుకు ఉంటుందో మా ఆయనకు అంతు పట్టలేదు. ఆదివారం చర్చి అయ్యాక అతని వెంటే పోయి చూసి వచ్చాడు. వచ్చినప్పటి నుంచి అన్నం తింటూ కూడా చేత్తో మలుపులు తిప్పుతూ కూర్చున్నాడు. కొన్నాళ్లకు దుకాణం తమ్ముడు కొత్త కారు కొనుక్కుని, తన పాతదాన్ని విప్పిన ముక్కలతో సహా మాకిచ్చేశాడు.

పందేలు జరిగేది హైవే దిక్కున ఉన్న గోదాముల్లో ఒకదాని వెనక. లారీలు తిరిగే కాంక్రీటు నేల ఆదివారం ఖాళీగా ఉంటుంది. పాత ఫైరింజన్ పైపులు పరిచి దాన్ని వంకర టింకర దారిగా చేస్తారు. దుమ్ము ఊడుస్తారు. లారీల్లోకి సరుకెత్తే ఎత్తైన గట్టు మీద వరసగా నిలబడి కార్లు నడుపుతారు. ఠాణా నుంచి, కల్యాణ్ నుంచి కూడా వస్తారు. దీన్ని వాళ్లు క్లబ్ అంటారు. అందరూ మగవాళ్లే, నేను తప్ప.

నేనెందుకు అక్కడున్నానంటే, మా ఆయన వేళ్లు పానా వేళ్లు. రిమోటు ఆయన పట్టుకుంటే కారు అయితే గోడకు పోయింది, లేకపోతే పైపుకు పోయింది. నావి అచ్చు అతికే వేళ్లు. సాంచా మీద పడుగు అయిపోయినప్పుడు, కొత్త పడుగులోని ప్రతి పోగునూ పాత పోగు కొసకు మెలిపెట్టి కలపాలి. దాన్నే అచ్చు అతకడం అంటారు. పెళ్లికాక ముందు నుంచీ చేస్తున్నాను. నిజాంపురా నుంచి వరాలా తలావ్ దాకా ఏ కార్ఖానాలో పడుగు అయిపోయినా నా కోసం కబురు వస్తుంది. పక్కామెతో లోకమంతా మాట్లాడుతూనే ఉంటాను, బొటనవేలూ చూపుడువేలూ వాటి పని అవి చేసుకుపోతుంటాయి. రిమోటు కూడా అంతే. చూపుడువేలితో వేగం, రెండో చేతి వేళ్లతో చిన్న చక్రం తిప్పడం. మొదటిసారి పట్టుకున్నప్పుడే కారు పైపులకు తగలకుండా చుట్టూ తిరిగి వచ్చింది. ఆయన నోరు తెరుచుకుని చూశాడు. అప్పటి నుంచి కారు సెట్ చేసేది ఆయన, నడిపేది నేను. గట్టు మీద మగవాళ్లు మొదట జరిగి చోటివ్వడానికి ఇబ్బంది పడ్డారు. తర్వాత నా వెనక పడిపోకుండా చూసుకోవడంలో ఆ సంగతి మరిచిపోయారు.

కారును మా ఆయన కార్ఖానా మూలన, గుడ్డ పరిచి చూసే పెద్ద బల్ల మీద విప్పి మళ్లీ కట్టాడు. కట్టే ముందు కోరా గుడ్డను మడతల మీద మడతలు వేసి మెత్తగా పరిచాడు. మా ఇళ్లల్లో అది పద్ధతి. ఏ విలువైన వస్తువు వచ్చినా దాని కింద కోరా గుడ్డ పడాల్సిందే. టీవీ కింద, మిక్సీ కింద, దేవుడి పటాల కింద. పుట్టిన బిడ్డను మొదట పడుకోబెట్టేదీ దాని మీదే. నల్లగా నిగనిగలాడే ఆ కారు అడుగు పలక మీద గీత పడకూడదని ఆయన ఆరాటం. ఆ మెత్తటి పరుపు మీద అడుగు పలకనూ పై పలకనూ జోడించి, జాబర్ బిగింపు బిగించాడు. సాంచాలో మర వదులైతే కొంప మునుగుతుంది కదా. అది తప్పని నాకూ తోచలేదు. చూడముచ్చటగా ఉందనుకున్నాను కూడా.

మొదటి ఆదివారమే నాకు తేడా తెలిసింది. ఎడమ మలుపులో కారు చెప్పినట్టు వింటుంది. కుడి మలుపు వచ్చేసరికి తోక జారి గిర్రున తిరిగిపోతుంది. కిందికి దిగి వచ్చి అదే చెప్పాను.

"ఎడమకు మంచిగనే తిరుగుతున్నది. కుడికి తిప్పితె ఎన్క భాగం జారుతున్నది."

ఆయన కారును పట్టుకుపోయి బల్ల మీద పెట్టాడు. రెండు దిక్కులా స్ప్రింగులు కొలిచాడు. చక్రాల వాలు కొలిచాడు. నేల నుంచి ఎత్తు కొలిచాడు. కొలిచినవన్నీ సరిగ్గా ఉన్నాయి, కొలిచింది ఆ గుడ్డ పరుపు మీదే కాబట్టి.

"అంత బరాబర్ ఉన్నది. నీ చెయ్యే జర గట్టిగ పడుతున్నది కుడి దిక్కు."

తర్వాతి ఆదివారమూ అదే మాట చెప్పాను. ఆయనా అదే మాట చెప్పాడు. ఆ తర్వాత కూడా. నేను నిజంగానే చెయ్యి తేలిక చేసి చూశాను, ఊపిరి బిగబట్టి చూశాను, ఆంజనేయుడికి దండం పెట్టి చూశాను. తోక జారుతూనే ఉంది. కొన్నాళ్లకు నాకే అనుమానం వచ్చింది, నా చేతిలోనే ఏమైనా తేడా ఉందేమోనని. మనకు తెలిసిన దాన్ని ఎదుటివాళ్లు పదేపదే కాదంటుంటే, తెలిసింది కూడా తెలియనట్టే అవుతుంది. అది అన్నిటికన్నా చెడ్డ సంగతి.

ఆ రోజుల్లోనే సూరత్ మాట మొదలైంది.

మా మరిది సూరత్‌లో ఒక పెద్ద మిల్లులో సూపర్‌వైజర్. అక్కడ అన్నకు మంచి పని ఉందని ఫోన్ చేశాడు. భివండిలో సంగతి అందరికీ తెలిసిందే. ఒక గల్లీలో సాంచెలు కొడుతుంటే పక్క గల్లీలో అవే సాంచెలు విప్పి భంగార్ కింద, అంటే పాత ఇనుము లెక్కన, టెంపోల్లోకి ఎత్తుతుంటారు. మా కార్ఖానాలోనూ సగం సాంచెలు నడుస్తాయి, సగం మీద దూది పేరుకుంటుంది. కాబట్టి మా ఆయన ఆలోచించడం తప్పని నేననను. ఆయన సూరత్ పోయి అన్నీ చూసి వచ్చాడు. మిల్లు చూశాడు, ఉండబోయే ఖోలీ చూశాడు, మా పాపకు బడి చూశాడు, నీళ్లు ఏ వేళకు వస్తాయో కూడా కనుక్కున్నాడు. వచ్చి అన్నం ముందు కూర్చుని అన్నీ వరసగా చెప్పాడు. ముఖం వెలిగిపోతోంది.

"గక్కడ పేకను నీళ్ల ధారనే కొంటవోతది. నాడె లేదు, కండె లేదు, సప్పుడు సుత తక్కువనే. అచ్చు సుత మిషనే అతుకుతది, ఎర్కేనా?"

నేను అన్నం వడ్డిస్తూ ఆగాను. తర్వాత ఏమంటాడో అని చూశాను. ఆయన పప్పు వేయమన్నాడు. నెలాఖరుకు తమ్ముడికి మాట చెప్పాలి అన్నాడు. అంతే. మిల్లును కొలిచాడు, ఖోలీని కొలిచాడు, బడి దూరం కొలిచాడు. అంతా బరాబర్ ఉంది. నా వేళ్లు చేసే పనిని అక్కడ మిషను చేస్తుందని నాకే చెప్పి, ఆ మాట నాకెలా తగిలిందో చూడకుండా చేయి కడుక్కుని లేచాడు.

నేనూ చెప్పలేదు. అడగకుండానే చెప్పొచ్చు కదా అంటారు ఎవరైనా. చెప్పడానికి ఏముంది, కారు సంగతి చెబుతూనే ఉన్నాను కదా. చెప్పిన ప్రతిసారీ నీ చెయ్యే అన్నాడు. సూరత్ సంగతి చెబితే నీ మనసే అంటాడు. మనసుకు కొలబద్ద ఎక్కడి నుంచి తేవాలి నేను.

ఒక పొద్దున మా గుడ్డ కొనే సేటు మనిషి గుడ్డ చూసుకోవడానికి వస్తున్నాడని కబురొచ్చింది. బల్ల మీద కారు విప్పి ఉంది, చక్రాలు ఒకచోట, స్ప్రింగులు ఒకచోట. ఉత్త పలకల జంట మాత్రం మధ్యలో ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తోచక మెట్లెక్కి పైన ఇంట్లోకి తెచ్చి వంటింటి ఓటా మీద పెట్టాను. వంట చేసే రాతి అరుగును ఇక్కడ ఓటా అంటారు. మాది నల్లరాయి. కార్ఖానా నేల గతుకులు, ఇంటి నేల వాలు, బల్లకు ఒక కాలు పొట్టి. మా బతుకులో చదునుగా ఉన్నదంటూ ఏదైనా ఉంటే ఆ ఓటా ఒక్కటే.

చపాతీ పిండి పిసుకుతుంటే మోచెయ్యి దానికి తగిలింది. టక్కుమంది. మళ్లీ తాకించాను. మళ్లీ టక్కుమంది. అడుగు సొట్టపోయిన కంచం ఎలా ఊగుతుందో అలా ఊగుతోంది, ఒక మూల రాయికి ఆనడం లేదు. పిండి చేతులతోనే మెట్ల దగ్గరికి పోయి పిలిచాను.

ఆయన వచ్చి వేలితో ఒక మూల నొక్కాడు. టక్. ఎదుటి మూల నొక్కాడు. టక్. వంగి, కన్ను రాయికి ఆనించి పలక కింది సందులోంచి చూశాడు. అప్పుడు అర్థమైంది ఆయనకు. మెత్తటి పరుపు మీద పెట్టి బిగించడంతో, మరలు బిగుస్తున్న కొద్దీ రెండు పలకలూ కలిసి కొద్దిగా మెలి తిరిగిపోయాయి. ఆ మెలికతో ఒక చక్రం మీద బరువెక్కువ, ఒక చక్రం మీద తక్కువ. ఒక దిక్కుకు బాగా తిరిగి, ఇంకో దిక్కుకు జారడం అందుకే. గీత పడకూడదని వేసిన కోరా గుడ్డే కారును వంకర చేసింది.

ఆయన తలెత్తి నవ్వాడు. పోయిన వస్తువు దొరికిన వాడి నవ్వు.

"చూసినవా, రాయి చెప్పింది."

నాకు ఒంట్లో ఎక్కడ పుట్టిందో తెలియదు ఆ కోపం. పిండి ముద్ద పళ్లెంలో వేసేశాను.

"రాయి ఇయ్యాల చెప్పింది. నేను నెల సంది చెప్తున్న."

"నువ్వు చెప్పలేదంటలేను. కండ్లకు కనపడితెనే గద పట్టుకునేది."

"రాయికి నోరు లేదు, గని దాని మాట ఇన్నవ్. నాకు నోరున్నది, నా మాట నీకు ఇనపడదు."

బడికి తయారవుతున్న పాప జడ వేసుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. మరాఠీ బడి పిల్ల, దాని మాట ఎప్పుడూ మూడు ఊళ్లు తిరిగి వస్తుంది.

"బాపు, అమ్మ పహిలేసే చెప్తుంది కదా. ఐక్ నా జరా, విను."

"నువ్వు బడికి పో" అన్నాడు ఆయన.

"ఇగ నేనేం చెప్ప" అన్నాను నేను. "నువ్వు ఇచ్చిన బండి నడుపుత, అయిపోతె దిగుత. ఎట్లున్నదో నీకు గుడ్డ చెప్తదో, రాయి చెప్తదో, నాకెందుకు."

ఆయన ఆశ్చర్యంగా చూశాడు. తప్పు దొరికింది, బాగవుతుంది, ఇంకా కోపమెందుకో ఆయనకు నిజంగానే తెలియలేదు. నాకు మాత్రం ఆ పొద్దునే తేటగా తెలిసింది. కారు జారినందుకు కాదు నా కోపం. నెల రోజులు నా మాటను పక్కన పెట్టిన మనిషి, ఒక్క టక్కు శబ్దాన్ని క్షణంలో నమ్మాడు. ఇదే మనిషి రేపు నన్నూ పాపనూ సూరత్ రైలెక్కిస్తాడు, అక్కడ ఏ రాయి నా తరఫున మాట్లాడుతుంది?

ఆ సాయంత్రం ఆయన ఓటా తుడిచి, పలకలను దాని మీద పెట్టి, మరలన్నీ వదులు చేసి, ఈ మూల కొంచెం, ఎదుటి మూల కొంచెం, అలా ఎదురెదురుగా బిగించుకుంటూ వచ్చాడు. ఊగడం పోయింది. నేను పక్కనే కూర తరుగుతున్నాను. ఓటా మీద ఒక దిక్కు బెండకాయలు, ఒక దిక్కు రేసు కారు.

ఆదివారం గోదాం దగ్గరికి పోయాం. పొద్దున చల్లగా ఉన్నప్పుడు కారు ఎడమకూ కుడికీ ఒక్కలాగే తిరిగింది. నా చెయ్యి మంచిదే అని నా చేతికి తెలిసింది. ఆ సంతోషాన్ని ముఖం మీదికి రానియ్యలేదు. మాటంటే మాట.

ఎండ ఎక్కాక కాంక్రీటు వేడెక్కింది. రెండో విడతలో కారు మారిపోయింది. మలుపులోకి బాగానే పోతోంది. మలుపు నుంచి బయటికి వస్తూ వేగం ఇచ్చేసరికి తోక పక్కకు గుంజుతోంది, ఈసారి రెండు దిక్కులా. రెండుసార్లు తిరిగిపోయి వెనకబడ్డాను. దిగి వచ్చి కారును ఆయన ముందు పెట్టి, నీళ్ల సీసా తీసుకుని గోడ నీడన కూర్చున్నాను. ఏమీ చెప్పలేదు. నాలుక చివర దాకా వచ్చింది. మింగాను.

ఆయన కారు ముందు గొంతుక్కూర్చున్నాడు. పెంకు తీశాడు. మా ఓటా లేకపోయినా దుకాణం తమ్ముడి అద్దం పలక ఉంది, దాని మీద పెట్టి ఊపి చూశాడు. ఊగలేదు. స్ప్రింగులు కొలిచాడు. సరిగ్గా ఉన్నాయి. టైరు ఒకటి విప్పి, దాన్ని వెలుతురులోకి ఎత్తి బొటనవేలితో తడిమాడు, అచ్చం గుడ్డను తడిమినట్టే. టైరు ఏం చెబుతుంది? ఇంకోటి విప్పాడు. అదీ ఏమీ చెప్పలేదు. ఆఖరి పందెం కోసం కార్లు తెమ్మని అవతల నుంచి కేకేశారు. ఆయన టైరు కింద పెట్టాడు. ఆయన మెడ వెనక చెమట కారుతోంది. నాకు జాలేసింది, కోపం మాత్రం పోలేదు.

అప్పుడు ఆయన లేచి నా దగ్గరికి వచ్చాడు. నిలబడే ఉంటాడనుకున్నాను, నా పక్కన నేల మీద కూర్చున్నాడు.

"ఇది గుడ్డ నెయ్యదాయె" అన్నాడు. "నేస్తె నేను చూసుకుందు. దీంట్ల ఏం దొరుకుతలేదు నాకు. నడిపినదానివి నువ్వు."

నేను నీళ్ల సీసా మూత తిప్పుతున్నాను.

"ఎట్లున్నది?" అన్నాడు.

అడిగి ఊరుకున్నాడు. సంజాయిషీ ఇవ్వలేదు, నా బదులు జవాబు చెప్పలేదు. ముఖం నా వైపు తిప్పి, జవాబు వచ్చేదాకా ఉండేవాడిలా కూర్చున్నాడు. నేను ఇంకా బిగుసుకోవచ్చు, అందుకు నాకు హక్కు ఉంది కూడా. కానీ అడిగిన మనిషికి చెప్పకపోతే, అడగని మనిషికీ నాకూ తేడా ఏముంది?

"లోపలికి పోయేటప్పుడు మంచిగున్నది" అన్నాను. "బయటికి ఎల్లేటప్పుడు స్పీడ్ ఇస్తె ఎన్క గుంజుతున్నది. రెండు దిక్కుల."

"ఇంకా?"

ఆ ఒక్క మాట నన్ను తబ్బిబ్బు చేసింది. ఇంకా ఉంటుందని ఆయన అనుకున్నాడన్నమాట. నేను కళ్లు మూసుకుని వేళ్లను అడిగాను.

"పొద్దున గట్ల లేకుండె. నేల కాలినంక మొదలైంది. ఎన్క గట్టిగైనట్టు ఉన్నది, జర మెత్తగుంటె ఆగుతదేమో."

ఆయన పోయి వెనక స్ప్రింగులు తీసి మెత్తటివి వేశాడు. వేశాక చేత్తో నొక్కి చూడలేదు, కొలవలేదు. కారును తెచ్చి నా చేతికిచ్చాడు. ఆయన సంగతి తెలిసినదాన్ని కాబట్టి చెబుతున్నాను, నొక్కి చూడకుండా ఇవ్వడం ఆయనకు చిన్న పని కాదు.

ఆఖరి పందెంలో నేను గెలవలేదు. దుకాణం తమ్ముడు ముందు, ఠాణా వాళ్లు ముందు, నేను ఎక్కడో నడుమ. కానీ ఒక్కసారి కూడా తిరిగిపోలేదు. మలుపు నుంచి బయటికి వస్తూ వేగం ఇచ్చినప్పుడల్లా తోక నేలను పట్టుకునే ఉంది. కింద నిలబడిన మా ఆయన కారును చూడటం లేదు, నన్ను చూస్తున్నాడు.

ఆ సాయంత్రం పాపను చుట్టాలింట్లో దింపి, ఇద్దరం వరాలా తలావ్ దగ్గరికి నడకకు పోయాం. చెరువు చుట్టూ జనం, పల్లీల బండ్లు, పిల్లల సైకిళ్లు. ఆయన పల్లీల పొట్లం నాకిచ్చి నడుస్తున్నాడు. నెలాఖరు వచ్చేసింది. మరిది మళ్లీ ఫోన్ చేశాడని నాకు తెలుసు. పోతున్నం అన్న మాట ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అని ప్రతి అడుగుకూ ఎదురుచూస్తున్నాను. దానికి ఏం విసరాలో కూడా మనసులో సిద్ధం చేసి పెట్టుకున్నాను.

ఆయన ఆగాడు.

"సూరత్..." అన్నాడు. "నేనంత చూసిన గని, నిన్ను అడగలేదు. నీకెట్లున్నది?"

ఇన్నేళ్లు అడగలేదని కోపం పెట్టుకున్నదాన్ని. తీరా అడిగేశాడు. నేను సిద్ధం చేసుకున్నవన్నీ పోట్లాటకు పనికొచ్చే మాటలు, అడిగిన మనిషికి చెప్పేవి కావు.

"ఇంకో సుట్టు తిరిగినంక చెప్త" అన్నాను.

ఆయన సరేనని తలూపాడు. చెరువు చుట్టూ ఇంకోసారి నడిచాం. తొందర పెట్టలేదు, సూరత్ గురించి మళ్లీ ఎత్తలేదు. బయల్దేరిన చోటికి వచ్చేసరికి నాకు తెలిసింది.

"నాకు పోబుద్ధి అయితలేదు" అన్నాను. "గక్కడ నీకు పనున్నది. నాకేమున్నది? అచ్చు మిషనే అతుకుతదని నువ్వే చెప్తివి. గిక్కడ నా కోసం కబురొస్తది. గక్కడ నేను జాబర్ పెండ్లాన్ని, అంతే."

కాదంటాడేమో అనుకున్నాను. సాంచెల సంగతి, గిరాకీ సంగతి ఎత్తుతాడేమో అనుకున్నాను. అవన్నీ నిజాలే.

"ఇంకా?" అన్నాడు.

నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. దాచుకోలేదు. ఇంకా చాలా ఉంది. చెబుతూ పోయాను. భయంగా ఉందని కూడా చెప్పాను, ఇక్కడే ఉండిపోయాక సాంచెలన్నీ ఆగిపోతే ఆ తప్పు నాదవుతుందని. "ఇద్దరిది" అన్నాడు. పల్లీలు ఎప్పుడు అయిపోయాయో తెలియదు.

మర్నాడు పొద్దున నేను ఓటా దగ్గర చాయ్ పెడుతుంటే గుమ్మంలో కూర్చుని తమ్ముడికి ఫోన్ చేశాడు. కార్ఖానాలో బతికినవాళ్లం, మా ఇంట్లో ఎవరికీ మెల్లగా మాట్లాడటం రాదు, అవతలి మాట కూడా నాకు వినపడుతూనే ఉంది. వస్తలేమన్నాడు ఈయన. పిచ్చి లేసిందా, భివండిల ఇంకేమున్నది, గక్కడ్నే ఉండుమని ఎవరు చెప్పిండ్రు నీకు అని అరుస్తున్నాడు మరిది.

"మా ఇంటామె చెప్పింది" అన్నాడు మా ఆయన.

అని ఫోన్ పెట్టేసి, చాయ్ కోసం చెయ్యి చాచాడు. గుడ్డ చెప్పింది అన్నప్పుడు ఎలా అంటాడో, అలాగే అన్నాడు.